మొదటి సీజన్ ఆడే అమ్మాయిల స్కోరు కూడా వేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

ఈ ఏడాది, అంటే 2025 జూన్ మొదటి వారంలో యూఏఈలోని అల్ ఐన్‌లో జరిగిన మహిళల ఆసియా కప్ ఐస్ హాకీలో మన దేశపు జట్టు కాంస్య పతకం గెలిచింది. ఆ వార్త మీ పత్రిక ఆటల పేజీలో అడుగున, బట్టల షాపు ప్రకటన పక్కన నాలుగు లైన్లుగా వచ్చింది. వచ్చినందుకు సంతోషం. కానీ దాని పైన వేసిన ఫొటోలో ఉన్నది నీలం టర్ఫ్ మీద బంతితో పరుగెత్తుతున్న ఫీల్డ్ హాకీ అమ్మాయిలు. కాళ్లకి స్కేట్స్ లేవు, తలకి హెల్మెట్ లేదు, కింద మంచు లేదు. పతకం తెచ్చిన జట్టులో ఒక్కరి పేరూ రాయలేదు. ఎవరి మీద గెలిచారో, గోల్ ఎవరు కొట్టారో కూడా లేదు. 2016లో తైపీలో మొదటి అంతర్జాతీయ టోర్నీ ఆడినప్పుడు ఈ జట్టు ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. మరుసటి ఏడాది బ్యాంకాక్‌లో ఫిలిప్పీన్స్ మీద 4-3 తేడాతో మొదటి గెలుపు చూసింది. అక్కడి నుంచి ఈ పతకం దాకా నడిచి వచ్చిన వాళ్ల ముఖాలు చూపించాల్సిన చోట వేరేవాళ్ల ముఖాలు వేశారు. నాకు చాలా బాధ వేసింది. అందుకే ఈ ఉత్తరం.

నేను గజపతి జిల్లాలో ప్రభుత్వ పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయురాలిగా పనిచేసి రిటైరయ్యాను. ఉండేది పర్లాకిమిడిలోనే. ఉద్యోగం అంతా ఒడియా బళ్లలో చేసినా, ఇంటికి మాత్రం మా నాన్నగారి కాలం నుంచీ తెలుగు పేపరే వస్తోంది.

మా వైపు తెలుగు ఇళ్లలో ఒక సంగతి ఉంది. శ్రీకాకుళంలోనో విశాఖలోనో కూర్చుని పేజీలు పెట్టేవాళ్లకి అది తెలిసే అవకాశం తక్కువ. మా పిల్లలు బడిలో ఒడియా చదువుతారు, ఫోన్‌లో హిందీ చూస్తారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. తెలుగు చదవడం మాత్రం చాలామందికి రాదు. తెలుగు పేపరు చదివేది తండ్రులూ తాతలూ. తెల్లవారేసరికి పాతపట్నం మీదుగా కట్టలు వస్తాయి. టీ కొట్టు దగ్గర ఒకే పేపరుని విడదీసి ఒకరు జిల్లా పేజీ, ఒకరు ఆటల పేజీ పట్టుకుంటారు. కూతురిని గ్రౌండుకి పంపాలా, టెన్త్ కాగానే ఆట మాన్పించాలా అని తేల్చేది కూడా ఆ టీ కొట్టు దగ్గర కూర్చున్న మనిషే. ఆడపిల్లల ఆటల గురించి ఆయనకి తెలిసిందల్లా మీరు అచ్చు వేసింది మాత్రమే. మీరు వేయనిది ఆయన దృష్టిలో లేనే లేదు.

ఇది నేను ఊహించి చెప్పడం లేదు. 2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి కాంస్యం గెలిచింది. ఆమె సొంతూరు ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట, మాకు పొరుగు జిల్లా. తెలుగు పేపర్లన్నీ ఆమె ఫొటో మొదటి పేజీలో వేశాయి. ఎంత బరువు ఎత్తింది, ఏ గురువు దగ్గర నేర్చుకుంది, ఇంట్లో అక్కచెల్లెళ్లు ఎవరు, అన్నీ రాశారు. అంతకుముందు నేను ఇంటింటికీ వెళ్లి, 'మీ అమ్మాయిని జిల్లా పోటీలకి పంపండి బాబూ, నేనే దగ్గరుండి తీసుకెళ్లి తీసుకొస్తాను' అని బతిమాలేదాన్ని. ఆ ఫొటోలు వచ్చాక తండ్రులే బడికి రావడం మొదలుపెట్టారు. 'మా అమ్మాయి చేత బరువులు ఎత్తిస్తే నడుము పట్టేయదు కదా మేడమ్?' అని అడిగినవాళ్లున్నారు. 'రైల్వేలో ఉద్యోగం ఇస్తారటగా?' అని అడిగినవాళ్లున్నారు. ప్రశ్న ఏదైనా కానీయండి, మనిషి తనంతట తాను బడి గేటు దాకా వచ్చాడు. ఆ పని మీ పత్రికలు చేశాయి. నేను ఏళ్ల తరబడి తిరిగి చేయలేకపోయాను.

అదే హాకీ విషయంలో జరగలేదు. నా దగ్గర ఒక అమ్మాయి ఉండేది. కర్ర పట్టుకుంటే బంతి ఆమె చెప్పినట్టు వినేది. తొమ్మిదో తరగతిలో వాళ్ల నాన్న ఆట మాన్పించాడు. 'ఆడపిల్ల హాకీ ఆడితే ఏమొస్తుందమ్మా?' అన్నాడు. మర్యాదస్తుడే, తెలియక అడిగాడు. ఇదే రాష్ట్రంలో సుందర్‌గఢ్ జిల్లా నుంచి అమ్మాయిలు దేశానికి ఆడుతున్నారని చెప్పాను. అది ఆయనకి ఎక్కడో దూరదేశం కబురులా వినిపించింది. ఆయన నమ్మే భాషలో, ఆయన నమ్మే కాగితం మీద చూపించడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది.

ఇక ఐస్ హాకీ నాకు ఎలా పరిచయమైందో చెప్తాను. మా జిల్లాలో చంద్రగిరి దగ్గర 1960ల నుంచీ టిబెటన్ల కాలనీ ఉంది. జీరంగ్ బౌద్ధారామం చూడటానికి మీ పాఠకులు చాలామంది వచ్చే ఉంటారు. ఆ కాలనీ నుంచి వచ్చి నా దగ్గర ఖోఖో నేర్చుకున్న అమ్మాయి ఒకామె నర్సు చదివి కెనడాలో టొరంటో చేరింది. అక్కడ పార్క్‌డేల్ అనే పేటలో టిబెటన్లు బాగా ఉంటారట. 2023 చివర్లో ఆమె ఫోన్ చేసి, 'దీదీ, జనవరి 1న ఇక్కడ ఆడవాళ్ల ఐస్ హాకీ లీగ్ మొదలవుతోంది, యూట్యూబ్‌లో ఉచితంగా వస్తుంది, చూడండి' అంది. మనకి అప్పుడు రాత్రి పదకొండు దాటింది. మా ఇంట్లో అందరూ పడుకున్నాక ఫోన్‌ని స్టీలు డబ్బాకి ఆనించి పెట్టుకుని చూశాను. టొరంటో మీద న్యూయార్క్ 4-0తో గెలిచింది. ఆ లీగ్ చరిత్రలో మొదటి గోల్ కొట్టింది ఎల్లా షెల్టన్ అనే అమ్మాయి. ఆ పేరు నేను ఇవాళ్టికీ మర్చిపోలేదు.

ఆరు జట్లు. బోస్టన్, మినెసోటా, మాంట్రియల్, న్యూయార్క్, ఒటావా, టొరంటో. ఒక్కో జట్టుకి 24 మ్యాచ్‌లు. సన్నాహానికి టైం ఎంత తక్కువంటే జట్లకి పేర్లు కూడా పెట్టలేదు. ముద్రలూ బొమ్మలూ ఏవీ లేవు. జెర్సీ మీద ఊరి పేరు ఏటవాలుగా రాసుకుని బరిలోకి దిగారు. బారసాల చేయకముందే పిల్ల నడక నేర్చేసినట్టు, ఆ సీజన్ ముగిసి సెప్టెంబరు వచ్చాక గానీ మినెసోటాకి ఫ్రాస్ట్ అనీ, టొరంటోకి సెప్టర్స్ అనీ పేర్లు రాలేదు. మన దగ్గరైతే లీగ్ అనగానే ముందు పేరు, పాట, పెద్ద హీరో, బాణసంచా. వాళ్లు ఆటతోనే మొదలుపెట్టారు. ఆ పద్ధతి నాకు చాలా నచ్చింది.

ఎందుకంత తొందర అంటే, వెనక చాలా నష్టం ఉంది. కెనడాలో అంతకుముందున్న మహిళల లీగ్ 2019లో మూతపడింది. అందులో చివరి రెండేళ్లు తప్ప అమ్మాయిలకి జీతమే లేదు. పగలు ఉద్యోగాలు చేసుకుని రాత్రిళ్లు ప్రాక్టీసు చేసేవాళ్లు. లీగ్ పోయాక రెండు వందల మంది దాకా ఆడవాళ్లు, ఒలింపిక్ పతకాలున్నవాళ్లతో సహా, సరైన జీతమూ సరైన సదుపాయమూ ఇచ్చే లీగ్ వచ్చేదాకా ఉత్తర అమెరికాలో ఏ లీగ్‌లోనూ ఆడమని ఒట్టు పెట్టుకున్నారు. ఆటగాళ్లకి వయసు ఎంత విలువైనదో నాలాంటివాళ్లకి తెలుసు. ఇరవై ఆరేళ్ల అమ్మాయి నాలుగేళ్లు లీగ్ మానుకుంటే ఆ నాలుగేళ్లు మళ్లీ రావు. అయినా నిలబడ్డారు. కొత్త లీగ్‌లో మొదటి మ్యాచ్‌కి ముందే యూనియన్‌తో ఒప్పందం రాసుకున్నారు. కనీస జీతం ఏడాదికి 35,000 డాలర్లు, అప్పటి లెక్కలో మన 29 లక్షల రూపాయల దగ్గర. టెన్నిస్ క్రీడాకారిణి బిల్లీ జీన్ కింగ్ ఆ లీగ్ సలహా బోర్డులో ఉంది.

జనం వస్తారా అని అక్కడా చాలామంది అనుమానపడ్డారు. టొరంటో మొదటి మ్యాచ్ ఆడిన స్టేడియంలో పట్టేది రెండున్నర వేల మందే. మర్నాడు ఒటావాలో 8,318 మంది వచ్చారు. ఫిబ్రవరిలో టొరంటోలోనే పెద్ద స్టేడియానికి మారితే 19,285 మంది. ఏప్రిల్ 20న మాంట్రియల్‌లో 21,105 మంది. అప్పటిదాకా ప్రపంచంలో ఏ మహిళల ఐస్ హాకీ మ్యాచ్‌కీ అంతమంది రాలేదు. మొదటి మ్యాచ్‌కీ ఈ మ్యాచ్‌కీ మధ్య నాలుగు నెలలు కూడా లేవు. ఆ నాలుగు నెలలూ అక్కడి పేపర్లు, టీవీలు రోజూ ఫలితం చెప్పాయి. మన ఊళ్లో లాగానే అక్కడా తండ్రులు కూతుళ్లని వెంటబెట్టుకుని వచ్చారని టొరంటోలో ఉన్న నా శిష్యురాలు ఫొటోలు పంపింది.

ఆట గురించి కొంచెం రాయకపోతే నాకు తృప్తి ఉండదు. ఒక్కో పక్క గోల్ కాచే గోలీతో కలిపి ఆరుగురు. ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలు. బంతి ఉండదు, పక్ అని నల్లటి రబ్బరు బిళ్ల, మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం, 156 నుంచి 170 గ్రాముల బరువు. ఆ వేగానికి ఎవరూ ఎక్కువసేపు ఆగలేరు. నిమిషం లోపే బయటికి వచ్చేస్తారు, ఆట నడుస్తుండగానే ఇంకొకరు కంచె దాటి దూకుతారు. తప్పు చేసినవాళ్లు రెండు నిమిషాలు పక్కన పెట్టెలో కూర్చోవాలి. మామూలు ఐస్ హాకీలో అలా ఒకరు తక్కువైన జట్టు గోల్ కొట్టినా ఆ శిక్ష పోదు. ఈ లీగ్‌లో మాత్రం గోల్ కొడితే పెట్టెలో ఉన్నామె వెంటనే బయటికి వచ్చేయొచ్చు. అంటే మనిషి తక్కువైన జట్టు కాచుకుని కూర్చోకుండా ఎదురుదాడికి వెళ్తుంది. ఈ రూల్ ఎవరు ఆలోచించారో గానీ, ఆట నేర్పినదానిగా చెప్తున్నాను, చాలా తెలివైన రూల్.

ఇంకో రూల్ ఉంది. లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచిన జట్టు సెమీఫైనల్లో మూడు, నాలుగు స్థానాల జట్లలో ఎవరితో ఆడాలో తానే ఎంచుకుంటుంది. టొరంటో మొదటి స్థానంలో నిలిచింది. వాళ్ల నాటలీ స్పూనర్ ఆ సీజన్‌లో 20 గోల్స్ కొట్టింది. వాళ్లు మినెసోటాని ఎంచుకున్నారు. ఎందుకంటే మినెసోటా చివరి ఐదు మ్యాచ్‌లూ వరసగా ఓడి, ఆఖరి రోజు ఒటావా ఓడిపోబట్టి ఎలాగో లోపలికి వచ్చింది. ఐదు మ్యాచ్‌ల్లో మూడు గెలవాల్సిన సెమీఫైనల్లో మొదటి రెండూ టొరంటోవే. మూడో మ్యాచ్‌లో స్పూనర్ మోకాలికి దెబ్బ తగిలింది. ఆ మ్యాచ్ మినెసోటా గెలిచింది, తర్వాత రెండూ గెలిచింది. తమని బలహీనులని ఎంచుకున్న జట్టునే ఇంటికి పంపింది.

ఫైనల్ బోస్టన్‌తో, అది కూడా ఐదు మ్యాచ్‌లు. నాలుగోది మినెసోటా సొంత ఊళ్లో. అప్పటికే రెండు గెలిచారు, ఇదీ గెలిస్తే కప్పు వాళ్లదే. రెండు వైపులా గోల్ లేదు. అదనపు సమయంలోనూ లేదు. రెండో అదనపు సమయంలో సోఫీ జాక్స్ కొట్టింది, పక్ లోపలికి వెళ్లింది. మినెసోటా అమ్మాయిలు గ్లోవ్స్, హెల్మెట్లు గాల్లోకి విసిరేసి ఒకరి మీద ఒకరు పడి ఏడుస్తున్నారు. ఇంతలో రిఫరీలు వీడియో చూసి, గోలీని అడ్డుకున్నారని ఆ గోల్ రద్దు చేశారు. మంచు మీద చెల్లాచెదురుగా పడిన గ్లోవ్స్ ఏరుకుని, కళ్లు తుడుచుకుని మళ్లీ నిలబడాల్సి వచ్చింది. నిలబడిన కాసేపటికే బోస్టన్ తరఫున అలీనా ముల్లర్ గోల్ కొట్టింది. 1-0. గెలిచామనుకున్న మ్యాచ్ పోయింది. అలాంటి దెబ్బ తిన్న జట్టు కోలుకోవడం ఎంత కష్టమో పిల్లల్ని పోటీలకి తీసుకెళ్లిన ఏ టీచర్ని అడిగినా చెప్తారు. బస్సులో వెనక్కి వచ్చేటప్పుడు ఒక్కరూ మాట్లాడరు. మూడు రోజుల తర్వాత బోస్టన్ వాళ్ల దగ్గర ఆఖరి మ్యాచ్. మనకి మే 30 తెల్లవారుజాము. లిజ్ షెపర్స్ మొదటి గోల్ కొట్టింది. మినెసోటా 3-0తో గెలిచి మొదటి కప్పు తీసుకుంది.

ఆ ఉదయం పేపరు రాగానే చూశాను, అప్పటికి అచ్చు అయిపోయి ఉంటుందని తెలిసినా. మర్నాడూ చూశాను, ఆ మర్నాడూ చూశాను. ఒక్క లైను కూడా రాలేదు. అదే వారం విదేశీ పురుషుల ఫుట్‌బాల్ గురించి అర పేజీ ఉంది.

'నలభై డిగ్రీల ఎండలో ఉండే పర్లాకిమిడికి మంచు మీద ఆట ఎందుకు?' అని మీ డెస్కులో ఎవరైనా అనవచ్చు. మా జిల్లాలో గడ్డి టెన్నిస్ కోర్టు లేదు, వింబుల్డన్ స్కోర్లు మీరు ఏటా వేస్తారు, మేమూ చదువుతాం. ఫార్ములా వన్ ట్రాక్ లేదు, అయినా ఎవరు గెలిచారో వేస్తారు. కాబట్టి ఊళ్లో ఆ ఆట ఉందా లేదా అన్నది అసలు కారణం కాదు. పైగా ఇది మరీ అంత దూరం ఆట కూడా కాదు. విశాఖలో స్కేటింగ్ రింకులున్నాయి, చక్రాల స్కేట్స్ మీద హాకీ ఆడే పిల్లలున్నారు. మా ఊళ్లో సాయంత్రం పూట సిమెంటు నేల మీద స్కేటింగ్ నేర్చుకునే పిల్లల్లో సగం మంది ఆడపిల్లలే. చక్రాల మీద నిలబడటం వచ్చినవాళ్లకి మంచు మీద నిలబడటం నేర్చుకోవడం తేలిక. ఐస్ హాకీలోకి అలా వచ్చినవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు.

మన దేశంలో ఈ ఆటకి ఊపిరి పోస్తున్నది లద్దాఖ్ అమ్మాయిలు. అక్కడ చలికాలంలో చెరువులు గడ్డకట్టినప్పుడే ఆట. రాత్రిపూట నీళ్లు పొరలు పొరలుగా పోసి, తెల్లారేసరికి గట్టిపడేలా చేసుకుంటారు. రెండు నెలలు దాటితే మంచు కరిగిపోతుంది. ఆ రెండు నెలల్లోనూ అబ్బాయిలు ఆడుకుని వెళ్లాక మిగిలిన టైమే అమ్మాయిలకి దొరికిన రోజులున్నాయి. వాళ్లు సొంతంగా లద్దాఖ్ మహిళా ఐస్ హాకీ ఫౌండేషన్ పెట్టుకున్నారు. విదేశాల్లో పోటీలకి వెళ్లడానికి చందాలు అడిగారు. నాలుగు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన కెనడా క్రీడాకారిణి హేలీ వికెన్‌హైసర్ 2018లో లద్దాఖ్ వచ్చి వాళ్లకి ఆట నేర్పింది. ఇప్పుడు లేహ్‌లో కృత్రిమంగా గడ్డకట్టించే రింక్ వచ్చింది. 2024లో ఒక మోటార్‌సైకిల్ కంపెనీ పేరు మీద లేహ్‌లో లీగ్ మొదలైతే అందులో ఆడవాళ్లకి కూడా విడిగా పోటీ పెట్టారు. టొరంటోలో మొదటి సీజన్, లేహ్‌లో మొదటి సీజన్, రెండూ ఒకే చలికాలం. రెండిట్లో ఏదీ మా టీ కొట్టు దాకా రాలేదు.

మంచు సంగతి పక్కన పెట్టినా, ఈ ఏడాది జనవరి సంగతి ఉంది. ఆడవాళ్ల హాకీ ఇండియా లీగ్ మొదటిసారి రాంచీలో జరిగింది. పురుషులకి ఎనిమిది జట్లు, వీళ్లకి నాలుగే. జనవరి 26న ఫైనల్లో మన ఒడిశా వారియర్స్ 2-1తో సూర్మా జట్టు మీద గెలిచి మొట్టమొదటి విజేత అయింది. రెండు గోల్స్ కొట్టింది మహారాష్ట్ర అమ్మాయి రుతుజా పిసాల్. మీ పత్రికలో ఇది ఇంత చిన్న ముక్కగా వచ్చింది. తర్వాత వారం రోజులు తిరక్కుండా పురుషుల ఫైనల్లో హైదరాబాద్ తూఫాన్స్ 3-4తో ఓడిపోయిన వార్త ఫొటోలతో పెద్దగా వచ్చింది. ఆ వార్త రావాల్సిందే, నేను కాదనడం లేదు. ఓడిన మగవాళ్ల జట్టుకి ఇచ్చిన చోటులో సగమైనా, మేముంటున్న రాష్ట్రం పేరు పెట్టుకుని గెలిచిన ఆడవాళ్ల జట్టుకి ఇవ్వాలి కదా. ఈ ఆటలో తెలుగు అమ్మాయిలు లేరా అంటే, భారత జట్టుకి గోలీగా ఆడిన చిత్తూరు జిల్లా రజని ఉంది, నిజామాబాద్ యెండల సౌందర్య ఉంది. వాళ్ల గురించి మా టీ కొట్టు దగ్గర అడిగి చూడండి. ఒక్కరికీ తెలియదు.

మీకు ఇది చేతకాని పని కాదని నాకు తెలుసు. 2023లో మహిళల ప్రీమియర్ లీగ్ క్రికెట్ మొదటి సీజన్‌కి మీరు రోజూ స్కోరు వేశారు, పాయింట్ల పట్టిక వేశారు, మన అంజలి శర్వాణి, సబ్బినేని మేఘన ఎలా ఆడారో రాశారు. అందుకే ఈ ఏప్రిల్‌లో కడప జిల్లా శ్రీచరణి భారత జట్టులోకి వస్తే మా వీధిలో మగవాళ్లు దాని గురించి మాట్లాడుకున్నారు. మొదటి సీజన్ నుంచీ అలవాటు చేశారు కాబట్టి జనానికి అలవాటయింది. మిగతా ఆటలకీ ఆ మాత్రం చేయమంటున్నాను.

నేను అడిగేది పెద్ద వ్యాసాలు కాదు. మహిళల లీగ్ ఏదైనా మొదలైనప్పుడు, ఆ మొదటి సీజన్ అంతా, ఎవరు గెలిచారు, ఎంత తేడాతో, గోల్ ఎవరు కొట్టారు అని రెండు లైన్లు తప్పకుండా వేయండి. వారానికి ఒకసారి ఏ జట్టు ఎక్కడుందో పట్టిక వేయండి. ఆట కొత్తదైతే రూల్స్ ఒక్కసారి వివరంగా రాయండి, మా పెద్దవాళ్లు అలాంటివి కత్తిరించి దాచుకుంటారు. ఫొటో ఆ ఆటదే వేయండి, ఆ మనిషిదే వేయండి.

ఇంకో మాట. ఆడవాళ్ల ఆట వార్తలకి పెట్టే శీర్షికల్లో ముద్దుగుమ్మలు, అందాల భామలు అనే మాటలు దయచేసి మానేయండి. 1990లో ఒటావాలో మొదటి మహిళల ప్రపంచ ఐస్ హాకీ పోటీలు జరిగినప్పుడు సొంత జట్టుకి కెనడావాళ్లు గులాబీ రంగు జెర్సీలు తొడిగారు. ఆ అమ్మాయిలు వాటిలోనే ఆడి ప్రపంచ విజేతలయ్యారు. ఇప్పుడు అక్కడ ఆ పని ఎవరూ చేయరు. మన పేపర్లు కూడా మారాలి. కూతురి గురించి అలాంటి మాట అచ్చులో వస్తుందని భయపడి గ్రౌండు మాన్పించిన తండ్రులు నాకు తెలుసు. వాళ్ల భయంలో తప్పు లేదు.

ఈ 2025 నవంబరులో కెనడా, అమెరికా లీగ్ మళ్లీ మొదలవుతుంది. సియాటిల్, వాంకూవర్ చేరి ఎనిమిది జట్లవుతాయి. తర్వాత చలికాలంలో లేహ్‌లో ఆటలుంటాయి. మీ డెస్కులో మనుషులు తక్కువని అంటే నేను అర్థం చేసుకోగలను. నా శిష్యురాలు టొరంటో నుంచి ప్రతి మ్యాచ్ ఫలితం నాకు పంపుతుంది. అది ఐదు లైన్ల తెలుగులో రాసి, పేర్లు సరిచూసి, మధ్యాహ్నం రెండు లోపు పర్లాకిమిడిలో మీ విలేఖరి చేతికి ఇస్తాను. డబ్బులు అక్కర్లేదు, నా పేరు కూడా వేయనక్కర్లేదు. రాసింది నచ్చకపోతే దిద్దుకోండి. జిల్లా ఎడిషన్‌లో చోటు ఏ రోజుల్లో దొరుకుతుందో మీ విలేఖరి ద్వారా చెప్పించండి, దాన్నిబట్టి నవంబరుకి సిద్ధంగా ఉంటాను.

ఇట్లు,
విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా